సెకొందీనా పక్కన ఖాళీ

పొంతెర్వో ఊళ్ళో ఉన్ని మిల్లు సైరన్ మొదటిసారి కూసే వేళకి దెల్ఫీనా కార్మిక సంఘం హాలు తలుపులు తీసేది. పొయ్యి రాజేసి, కాఫీ పెట్టి, బల్లల మీద బోర్లించిన కుర్చీలు దించి, తడిగుడ్డ పట్టుకుని గోడకున్న పాత ఫోటో దగ్గరికి వెళ్ళేది. ముందు అద్దం తుడిచేది. తర్వాత ఫ్రేము కింద గోడ తుడిచేది. తెల్లారేసరికి అక్కడ కాస్త ఉన్ని జిడ్డు, కాస్త బొగ్గు మసి చేరి ఉండేవి. ఉన్ని జిడ్డు అందరిదీ. బొగ్గు మసి మాత్రం ఆమె మొగుడు ఒరెస్తెది.

ఆ ఫోటో ఆమె పుట్టకముందు మిల్లు వాకిట్లో తీసింది. తీసిన రోజున అందులో ఉన్నవాళ్ళు మహా అయితే నలభై మంది. వాళ్ళంతా ఎప్పుడో చనిపోయారు. ఆ తర్వాత పోయిన మిల్లువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాళ్ళ మధ్య నిలబడుతూ వచ్చారు. అంతమందికి అందులో చోటెలా సరిపోతోందని ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళ కోసం ఉన్నవాళ్ళు సర్దుకునేవారు, అంతే. మొదట్లో నడిమధ్యన కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చున్న యజమాని, ఏళ్ళ తరబడి జరిగి జరిగి ఇప్పుడు ఓ మూల సగం భుజంతో మిగిలాడు.

ఎవరైనా రాబోయే ముందు ఫోటోలో ఖాళీ పడేది. ఎవరి పక్కన పడితే వాళ్ళ మనిషికి చావు కబురొచ్చినట్టే. ఖాళీ పడ్డ వారానికే పోయినవాళ్ళున్నారు. రంగుల సెక్షన్‌లో పనిచేసిన అన్సెల్మో ఖాళీ మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ప్రతి ఆదివారం వచ్చి చూసుకుని, "ఇంకా ఉంచారు. మర్యాద తెలిసినవాళ్ళు," అని ఒక గ్లాసు వైన్ ఎక్కువ తాగి వెళ్ళేవాడు.

దెల్ఫీనా రోజూ ముందుగా పై వరుస చివర్న ఉన్న ఒరెస్తె వైపు చూసేది. అతను గని టోపీతో, మొహమంతా మసితో, తడిసిన బట్టల్లో నిలబడి ఉండేవాడు. బెల్జియం గనుల నుంచి చావు కబురు రాకముందే ఓ పొద్దున ఆమె అతన్ని అక్కడ చూసింది. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, సైరన్ రెండోసారి కూసేదాకా నిలబడిపోయింది. అప్పటి నుంచీ ఆమె ఎదురుచూసేది ఒక్కటే, అతను కాస్త పక్కకి జరగడం.

అక్టోబర్‌లో ఓ పొద్దున, చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో, బత్తిస్తా కాఫీ గ్లాసుతో ఫోటో ముందు ఆగాడు. ముసలాయన. ఉన్ని దువ్వే యంత్రాల మీద జీవితమంతా గడిపి, చెవులు సగం పోగొట్టుకున్నవాడు.

"అమ్మాయ్, మీ అమ్మ జరిగింది," అన్నాడు.

దెల్ఫీనా కౌంటర్ వెనక నుంచి వచ్చి చూసింది. రెండో వరుసలో వాళ్ళ అమ్మ సెకొందీనా నల్ల రుమాలు కట్టుకుని నిలబడి ఉంది. నిన్నటిదాకా అటూ ఇటూ భుజాలు రాసుకుంటూ ఉండే చోటు అది. ఇవాళ ఆమెకి కుడిపక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ సందులోంచి మిల్లు ఇటుక గోడ కనబడుతోంది.

"ఒరెస్తె?" అంది దెల్ఫీనా.

"వాడు కదల్లేదు. నీది కాదులే." బత్తిస్తా కాఫీ ఊదుకున్నాడు.

ఎవరిదో చెప్పాల్సిన పని లేదు. సెకొందీనా పిల్లల్లో మిగిలింది ఇద్దరే అని ఊరందరికీ తెలుసు. దెల్ఫీనా వచ్చిన రోజున మొగుడి పక్కన నిలబడుతుంది. ఇక మిగిలింది చెల్లెలు క్లేలియా.

క్లేలియా పేరు ఆ హాల్లో వినబడి చాలా కాలమైంది. యుద్ధం తర్వాత జరిగిన పెద్ద సమ్మెలో మిల్లు మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉండగా, ఓ పొద్దున క్లేలియా తలవంచుకుని వెనక గేటులోంచి పనిలోకి వెళ్ళింది. మర్నాడు ఆమె వెనక ఇంకొందరు వెళ్ళారు. ఆ వారంలోనే సమ్మె విరిగిపోయింది. సమ్మె నడిపిన వాళ్ళకి మళ్ళీ పనివ్వలేదు. వాళ్ళలో ఒరెస్తె ఒకడు. ఎక్కడా పని దొరక్క బెల్జియం బొగ్గు గనులకి పోయాడు, అక్కడే నీళ్ళు చొరబడ్డ సొరంగంలో పోయాడు. క్లేలియా పక్కన కూర్చుని పనిచేయడానికి ఏ ఆడదీ ఒప్పుకోలేదు. బట్టలో తెగిన పోగులు సరిచేసే గదిలో ఆమె చుట్టూ బెంచీలు ఖాళీగా ఉండేవి. చివరికి ఆమే మానేసి, కొండమీద చెస్ట్‌నట్ తోటల మధ్య రాతి ఇంట్లో కోళ్ళు, ఒక మేకతో కాలం గడుపుతోంది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు.

మధ్యాహ్నం మిల్లు ఆడవాళ్ళు రొట్టెముక్కలు పట్టుకుని ఫోటో చూడ్డానికి వచ్చారు.

"దానికి అక్కడ చోటెలా ఇచ్చారే?" అంది ఒకామె.

"తల్లి కదా. ఆవిడ ఇచ్చుకుంది," అంది ఇంకొకామె. "పైన ఒక్కతే ఉంటోంది. పాపం, ఎవరో ఒకరు చెప్పాలిగా."

అందరూ రొట్టె నములుతూ కిటికీలోంచి వాన వైపు చూశారు. దెల్ఫీనా తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.

ఆ తర్వాత రోజుల్లో ఖాళీ అలాగే ఉంది. కానీ సెకొందీనా తల పొద్దున పొద్దునకీ కాస్త తిరుగుతూ వచ్చింది. మొదట కెమెరా వైపు చూస్తున్న మనిషి, ఆదివారానికి సూటిగా కౌంటర్ వైపు చూస్తోంది. చూపులో కోపమేమీ లేదు. చిన్నప్పుడు నీళ్ళకి వెళ్ళమని చెప్పి, వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడి చూసేదే, ఆ చూపు. దెల్ఫీనా కౌంటర్ ఈ చివరికి వెళ్ళింది, ఆ చివరికి వెళ్ళింది. ఎక్కడున్నా ఆ చూపు అక్కడికే వచ్చింది.

"బాబాయ్, నాలుగు రోజులు హాలు చూసుకో," అంది బత్తిస్తాతో. "వైన్‌లో నీళ్ళు కలపకు."

"నువ్వు కలిపే కంటే ఎక్కువ కలపను," అన్నాడాయన.

ఒక రొట్టె, కొంచెం పంది కొవ్వు గుడ్డలో కట్టుకుని ఆమె కొండెక్కింది. దెల్ఫీనా భారీ మనిషి. ఇల్లు చేరేసరికి రొప్పుతోంది. క్లేలియా పొగ గదిలో ఆరబెట్టే చెస్ట్‌నట్‌లు తిరగేస్తోంది. కట్టెపుల్లలా ఎండిపోయింది. చేతులు నల్లగా ఉన్నాయి. ఆ నలుపు చూడగానే దెల్ఫీనాకి ఒరెస్తె గుర్తొచ్చి, వచ్చిన దారినే పోదామనిపించింది.

"ఎవరు పోయారు?" అంది క్లేలియా, తలెత్తకుండానే.

"ఎవరూ పోలేదు."

"మరెందుకొచ్చావు?"

"ఊరికే రాకూడదా?"

"ఇన్నేళ్ళూ రాలేదుగా." క్లేలియా పార పక్కన పెట్టింది. "నిలబడకు, గుండె ఆగిపోయేలా ఉంది నీకు. లోపలికి రా."

దెల్ఫీనా ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మొక్కజొన్న పిండి పొలెంతా ఉడుకుతుంటే కలుపుతూ కూర్చుంది. మేకకి మేత వేసింది. చెల్లెలు దగ్గినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగేది. మెట్లెక్కుతుంటే వెనకే వెళ్ళేది. తన వాటాలో కొవ్వు ముక్క తీసి చెల్లెలి పళ్ళెంలో వేసేది. క్లేలియా ఆ ముక్కని కాసేపు చూసి తినేసేది.

సమ్మె గురించి ఇద్దరూ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం క్లేలియా తనంతట తాను అంది: "ఎందుకు వెళ్ళానో ఇప్పుడు చెబితే సాకులా ఉంటుంది. అందుకే చెప్పను."

"నేనడగలేదు," అంది దెల్ఫీనా.

"అడగలేదనే చెప్తున్నా."

ఆ మర్నాడు మధ్యాహ్నం, బావి దగ్గర బిందె ఎత్తబోతుంటే దెల్ఫీనా వచ్చి లాక్కుంది. క్లేలియా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంటే నీ గోల? నేనేమన్నా బాలింతనా? చెప్పు. ఏమైంది?"

దెల్ఫీనా బిందె కింద పెట్టింది. "ఫోటోలో ఖాళీ పడింది. అమ్మ పక్కన."

క్లేలియా బావి గట్టు మీద కూర్చుంది. మొహం మీద ఏదో కదిలింది. ఏడుస్తుందేమోనని దెల్ఫీనా దగ్గరికి వెళ్ళింది. కానీ ఆమె ఏడవడం లేదు.

"అమ్మ జరిగిందా?" అంది.

"జరిగింది."

"నిజంగా? ఎంత?"

"మనిషి పట్టేంత."

"నాకు చోటివ్వరనుకున్నానే అక్కా," అంది క్లేలియా. "ఇక్కడ పడుకుని అదే అనుకునేదాన్ని. నేను పోయాక అందులోకి వెళ్తే ఒక్కరూ జరగరు, నేను బయట ఆ ఇటుక గోడ వెనకాల తిరుగుతూ ఉండాలి అనుకునేదాన్ని. చావంటే నాకు అదొక్కటే భయం." మొహం తుడుచుకుంది. మసి బుగ్గలకంటింది. "అమ్మ జరిగిందన్నమాట."

ఆ రోజు నుంచి ఆమె మనిషే మారిపోయింది. గోడలకి సున్నం వేసింది. కోళ్ళని కింద ఊళ్ళో పిల్లలున్న ఇంటికి పంపింది. మేకని పక్క కొండ కాపరికి తోలింది. పెట్టెలోంచి ఆదివారం గౌను తీసి, చిరుగు పడ్డ చోట కుట్టింది. బట్ట మీద కుట్టు ఎక్కడుందో కనబడకుండా కుట్టే ఆ పాత పని చేస్తుంటే వేళ్ళు కుర్రపిల్ల వేళ్ళలా కదిలాయి. పాడలేదు కానీ, పాడేంత పని చేసింది. దెల్ఫీనా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ చెల్లెలు పోతే ఏడవనని గట్టిగా అనుకుంది. ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుంటే చాలు, పొగ వంకతో కళ్ళు తుడుచుకునేది.

"నాకు చూడాలనుంది," అంది క్లేలియా ఓ రోజు. "ఎక్కడ నిలబడతానో ముందే చూసుకుంటాను."

చర్చిలో ఆదివారం పూజ అయ్యే వేళకి ఇద్దరూ కిందికి దిగారు. హాలు నిండా జనం. క్లేలియా గుమ్మంలో కనబడగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. పోబోయే మనిషిని ఏమనగలరు? ఒకరిద్దరు మగవాళ్ళు టోపీలు తీశారు. కానీ వాళ్ళు ఆమెని చూసిన తీరు వేరేగా ఉంది. బత్తిస్తా కౌంటర్ వెనక నుంచి గబగబా వచ్చాడు.

"కబురు పంపుదామనుకున్నా," అన్నాడు. "ఇవాళ పొద్దున్నే వచ్చాడు. ఎవరో తెలియడం లేదు."

సెకొందీనా పక్కన ఖాళీ లేదు. ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఇక్కడెవరూ వేసుకోని తెల్లటి పల్చని కోటు, వెడల్పు అంచు టోపీ. బూట్ల నిండా ఎర్రదుమ్ము. ఎండకి కమిలిన మొహం. కెమెరా వైపు చూడకుండా తల వంచి సెకొందీనా వైపు చూస్తున్నాడు. ఆమె ఇప్పుడు కౌంటర్ వైపు చూడటం లేదు. అతని కోటు చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, జనంలో తప్పిపోతాడేమో అన్నట్టు.

"మిల్లువాడైతే కాదు," అన్నారెవరో.

"ముక్కు మాత్రం దెల్ఫీనా ముక్కే," అన్నాడు బత్తిస్తా.

దెల్ఫీనా అద్దానికి దగ్గరగా వెళ్ళింది. అతని చెయ్యి తల్లి భుజం మీద ఉంది. చూపుడు వేలికి చివరి కణుపు లేదు. ఆ చెయ్యి ఆమెకి తెలుసు. ఆ చెయ్యి తనని చంకల కింద పట్టుకుని ఎత్తి కిటికీలో కూర్చోబెట్టింది. ఆ మొండివేలు డొక్కలో గుచ్చుకుంటే తను నవ్వింది.

"సావీనో," అంది. "మా అన్న."

అప్పుడు గుర్తొచ్చింది బత్తిస్తాకి. ఉన్ని దువ్వే యంత్రం మీద తన పక్కనే పనిచేసిన కుర్రాడు. వేలు పోయాక మేనమామతో ఓడెక్కి అర్జెంటీనా పోయాడు. మొదట్లో ఏవో కబుర్లు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. సెకొందీనా అతని పేరెత్తడం మానేసింది. క్లేలియా అప్పటికి ఇంకా నడక నేర్వలేదు. ఊరు మొత్తం అతన్ని మర్చిపోయింది. ఈ ఇద్దరూ క్లేలియా చావుకి రోజులు లెక్కపెట్టుకుంటుంటే, అతను ఎక్కడో ఎర్రమట్టి నేల మీద పోయి, ఇంటికొచ్చాడు.

జనం టోపీలు తీసి నిలబడ్డారు. దెల్ఫీనా అద్దం మీద అరచెయ్యి పెట్టింది. అద్దం వెచ్చగా ఉంది.

వెనక క్లేలియా ఆ వరుసలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతోంది. మొదటి వరుస, రెండోది, ఆ చివరి నుంచి ఈ చివరికి. భుజానికి భుజం ఆనించుకుని నిలబడ్డారందరూ. ఎక్కడా సూది దూరే సందు లేదు.

"మరి నాది?" అంది చిన్నగా.

ఆ మాట అందరికీ వినబడింది. ఆమె ఆదివారం గౌను అంచు ఓసారి సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.

కొండమీద ఇంట్లో ఇప్పుడు కోళ్ళు లేవు, మేక లేదు, చలికాలానికి కట్టెలు లేవు. పోయేదాన్నే కదా అని క్లేలియా ఏమీ దాచుకోలేదు. దెల్ఫీనా ఆమెని వంతెన దగ్గర పట్టుకుని, చెయ్యి వదలకుండా, హాలు మీద తను ఉండే గదికి తీసుకొచ్చింది. మంచం మీద గోడవైపు చోటిచ్చింది.

క్లేలియా కిందికి దిగేది కాదు. పెట్టింది తినేది. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కూర్చుని మిల్లు చిమ్నీ చూసేది. సావీనో కోసం పూజ చేయించడానికి ఫాదర్ వచ్చి, అతను ఎలాంటివాడని అడిగితే, అక్కకి మొండివేలు తప్ప ఏమీ తెలియదు, చెల్లెలికి అదీ తెలియదు. "మంచివాడని చెప్పండి. కాదనేవాళ్ళెవరూ లేరు," అంది క్లేలియా. ఆ వారం ఆమె మాట్లాడింది అంతే.

ఆమె ఇప్పట్లో చనిపోవడం లేదని తెలిశాక జనం మొహాలు మారిపోయాయి. పోగులు సరిచేసే గది ఆడవాళ్ళు మధ్యాహ్నం రావడం మానేశారు. "పైన దాన్ని పెట్టుకుని మాకు కాఫీ పోస్తావా?" అని ఒకామె గుమ్మంలోంచే అనేసి పోయింది. బత్తిస్తా మాత్రం వచ్చి ఖాళీ బల్లల మధ్య కూర్చుని, తన గ్లాసుకి తనే మూడు నాలుగు కుర్చీలు వాడుకునేవాడు.

డిసెంబర్‌లో ఓ మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేనప్పుడు, దెల్ఫీనా ఫోటో ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫోటోలోని ఒరెస్తెతో ఆమె ఎప్పుడూ మాట్లాడింది లేదు. మసి తుడిచేది, అంతే.

"ఒరెస్తె, విను," అంది. "నీకు జరిగింది జరగలేదని నేననను. నువ్వు పోయాక నేనెలా బతికానో నీకు కనబడుతూనే ఉంది. కానీ అది పైన గోడవైపు తిరిగి పడుకుంటోంది. చచ్చినా దిక్కులేదని పడుకుంటోంది. నేనింక చూడలేను." ముక్కు తుడుచుకుంది. "నేనొచ్చేటప్పుడు దాన్ని వెంటబెట్టుకునే వస్తాను. నీకు ఇష్టం లేకపోతే చెప్పు. నేనూ రాను. ఇద్దరం ఆ గోడ వెనకాలే ఉంటాం."

ఒరెస్తె మసి మొహంతో కెమెరా వైపే చూస్తున్నాడు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నట్టే ఉన్నాయి. సైరన్ కూసింది. దెల్ఫీనా లేచి కుర్చీ బల్ల కిందికి తోసింది.

పొద్దున గుడ్డతో వచ్చి చూస్తే ఫ్రేము కింద గోడ మీద బొగ్గు మసి పొడుగ్గా ఈడ్చినట్టు ఉంది, ఎవరో బరువైన బూట్లతో అడ్డంగా నడిచినట్టు. తలెత్తి చూసింది. పై వరుస చివరి నుంచి ఒరెస్తె బాగా లోపలికి జరిగాడు. అతని పక్కవాళ్ళు జరిగారు, వాళ్ళ పక్కవాళ్ళు జరిగారు. యజమాని ఆ మూల నుంచి కూడా పోయాడు, కుర్చీ కోడు మాత్రం మిగిలింది. ఒరెస్తె పక్కన ఇటుక గోడ విశాలంగా కనబడుతోంది.

దెల్ఫీనా మెట్ల కింద నిలబడి కేకేసింది. "క్లేలియా, కిందికి రా."

"ఎందుకు?"

"రమ్మంటే రా."

క్లేలియా శాలువా కప్పుకుని దిగింది. దెల్ఫీనా చెయ్యి పెట్టి చూపించింది. క్లేలియా చాలాసేపు చూసింది. ఆ మసి మొహాన్ని ఆమె ఇంతవరకూ సరిగా చూడలేదు. చూడలేక తల పక్కకి తిప్పేది. ఇప్పుడు తిప్పుకోలేదు. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇద్దరికి," అంది దెల్ఫీనా. "నాకూ నీకూ."

క్లేలియా ఫోటో దగ్గరికి వెళ్ళి ఆ ఖాళీని కళ్ళతోనే కొలిచింది. తర్వాత అక్కని కొలిచింది, భుజం నుంచి భుజానికి, నడుం దగ్గర ఇంకోసారి.

"ఇద్దరికేనంటావా?" అంది. "నీ ఒక్కదానికే సరిపోయేలా ఉందే."

"సన్నబడతాను."

"నువ్వా?"

మూలన కూర్చున్న బత్తిస్తాకి చెవులు సరిగా వినబడకపోయినా ఈ మాట వినబడింది. నవ్వితే కాఫీ ముక్కులోకి పోయింది. క్లేలియా ఆయన వీపు మీద నాలుగు చరుపులు చరిచి, ఆ చేత్తోనే కౌంటర్ వెనక్కి వెళ్ళి ఆప్రాన్ తగిలించుకుంది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. ఆడవాళ్ళు మళ్ళీ ఫోటో చూడ్డానికి వచ్చారు. ఒరెస్తె జరిగాక ఎవరూ ఏమీ అనలేకపోయారు. పోయింది అతను, జరిగిందీ అతనే. క్లేలియా గ్లాసులు పెడుతుంటే తీసుకున్నారు. కొందరు ఆమె మొహం చూడకుండా తీసుకున్నారు, అయినా తీసుకున్నారు.

ఆ చోటు ఇద్దరికా ఒకరికా అన్న సంగతి తేలలేదు. అక్కాచెల్లెళ్ళు రోజూ పొద్దున అద్దం తుడుస్తూ దాని మీద పోట్లాడుకున్నారు. దెల్ఫీనా వెన్న మానేసింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఏళ్ళు గడిచాయి. బత్తిస్తా పోయి సావీనో పక్కన నిలబడ్డాడు. ఒరెస్తె తడిబట్టలతో, కాళ్ళు దూరంగా పెట్టుకుని, ఎవరినీ అటు రానివ్వకుండా ఆ చోటు కాస్తూ ఉన్నాడు.